కాల్చిన కూరగాయలతో నూడుల్స్ సూప్: చారుకు చుట్టమే, చారు మాత్రం కాదు

మా ఇంట్లో నేను మొదటిసారి చేసిన నూడుల్స్ సూప్‌ను అత్తయ్యగారు రెండు చెంచాలు రుచి చూసి గిన్నె పక్కన పెట్టేశారు. "కూరగాయలు కడిగిన నీళ్లలా ఉందమ్మా" అన్నారు. మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. క్యారెట్, బీన్స్, క్యాబేజీ సన్నగా తరిగి నీళ్లలో ఉడికించి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, అందులోనే నూడుల్స్ కూడా పడేసి మూత పెట్టాను. ముక్కల్లో రుచి లేదు, నీళ్లలో అంతకన్నా లేదు. నూడుల్స్ మాత్రం ఉన్న నీళ్లన్నీ తాగేసి పిండిముద్దల్లా కూర్చున్నాయి.

మాంసం సూప్‌కు ఎముకలు ఉడుకుతుంటే రుచి అదే దిగుతుంది. శాకాహారం సూప్‌కు ఆ ఆసరా లేదు. రుచిని మనం ముందే పుట్టించి నీళ్లలోకి దింపాలి. దానికి నాకు తెలిసిన దారి ఒకటే: కూరగాయలను ముందు కాల్చాలి.

కాల్చడం కోనసీమలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. చలికాలంలో తేగలు కాలుస్తాం, చిలగడదుంపలు నివురులో పెడతాం, వంకాయను కుంపటి మీద నల్లగా కాల్చి పచ్చడి నూరుతాం. ఉడికిన వంకాయకూ కాలిన వంకాయకూ తేడా నాలుకకు తెలుసు. ఆ తేడాకు కారణం వేడి. ముక్క నీళ్లలో ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. పైతడి ఆరిపోయి, పైపొర 140 డిగ్రీల దాకా వెళ్లినప్పుడు ముక్కలోని చక్కెరలూ మాంసకృత్తుల అంశాలూ కలిసి గోధుమ రంగు పట్టడం మొదలవుతుంది. కొత్త వాసనలు అప్పుడే పుడతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఈ చర్యను పిలుస్తారు. రొట్టె మీది రంగు, కాఫీ గింజల వాసన, అట్టు అంచు కరకర, అన్నిట్లోనూ పనిచేసేది ఇదే. నేను మొదటిసారి చేసిన సూప్‌లో ముక్కలకు ఆ అవకాశమే రాలేదు.

ఏమేమి కావాలి

నలుగురికి సరిపడా చెబుతున్నాను.

తీపి గుమ్మడికాయ పావు కిలో, చిలగడదుంప మధ్యరకానిది ఒకటి, క్యారెట్లు రెండు, బాగా పండిన టమాటాలు నాలుగు, పెద్ద ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి ఒక గడ్డ, పుట్టగొడుగులు 200 గ్రాములు, క్యాబేజీలో పావు చెక్క, రెండంగుళాల అల్లం.

కందిపప్పు మూడు పెద్ద చెంచాలు, పప్పునూనె (నువ్వుల నూనె) మూడు పెద్ద చెంచాలు, మిరియాలు అర చెంచా, సోయా సాస్ రెండు చిన్న చెంచాలు, ఒక నిమ్మకాయ, కొత్తిమీర కట్ట, ఉల్లికాడలు, వేయించిన నువ్వులు ఒక చెంచా.

ఎండు నూడుల్స్ 200 గ్రాములు. ఇంతకు మించి వేస్తే సూప్ కాదు, తడి నూడుల్స్ అవుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోండి, గుడ్డు కలిపి చేసే నూడుల్స్ కూడా పక్కపక్కనే అమ్ముతారు. లోపల మసాలా పొట్లం ఉంటే దాన్ని తీసి పక్కన పెట్టండి. గంటన్నర కష్టపడి తీసిన రుచిని ఆ ఒక్క పొట్లం మింగేస్తుంది.

కూరగాయల విషయంలో పట్టింపు ఏమీ లేదు, కానీ మూడిటికి నేను గేటు వేశాను. బెండకాయ జిగురు తెస్తుంది. అరటికాయ పిండి వదిలి నీళ్లను మడ్డిగా చేస్తుంది. కంద మన పంటే, మన కూరే అయినా దానిలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చింతపండుతో ఉడికించకుండా నేరుగా కాల్చి వేస్తే గొంతు దురదతో గిన్నెలన్నీ వెనక్కి వస్తాయి. వంకాయ వద్దనను, కానీ దాన్ని నీళ్లలో ఉడికించవద్దు. కాల్చి, చివర గిన్నెలో పైన పెట్టండి.

లంక కూరగాయలు దొరికే రోజుల్లో చేస్తే ఈ సూప్ రుచే వేరు. గోదావరి వరద తీశాక, నది మధ్య దిబ్బలైన ఈ లంకల్లో మిగిలిన ఒండ్రులో వేసినవి చలి ముదిరేసరికి సంతకు దిగుతాయి. మాకు కూరలు తెచ్చే ఆవిడ ఆ నెలల్లో గుమ్మడికాయను వేలితో కొట్టి చూపిస్తుంది: "డబ్బాలా మోగుతోంది చూడండమ్మా, లోపల గట్టి కండ". నాకు ఇప్పటికీ ఆ మోత తేడా తెలియదు. ఆవిడ మాట నమ్ముతాను.

టమాటాలూ పుట్టగొడుగులూ మాత్రం మానవద్దు. జపాన్ శాస్త్రవేత్త ఇకెడా 1908లో సముద్రపు నాచు ఉడికించిన నీళ్లలోంచి వేరుచేసి ఉమామి అని పేరు పెట్టిన రుచి, గ్లుటామేట్ వల్ల వచ్చేది, ఈ రెండిట్లో సహజంగానే ఉంటుంది. తీపి, పులుపు, ఉప్పు, కారం అన్నీ సరిపోయినా ఇంకా ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది చూశారా, ఆ ఖాళీని నింపేది ఇదే. పుట్టగొడుగులు తినని ఇళ్లలో టమాటాలు ఆరు వేసుకోవచ్చు.

తరగడం

గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్ అంగుళం ముక్కలు. అంతకన్నా చిన్నవైతే కాలేలోపే వడలిపోతాయి. ఉల్లిపాయను వేరు మొదలు కోయకుండా నాలుగు చెక్కలు చేయండి, పొరలు విడిపోవు. టమాటాలు అడ్డంగా రెండు చెక్కలు. వెల్లుల్లి గడ్డను విడదీయకుండా తల మాత్రం పైపైన కోయండి. క్యాబేజీని మోడుతో సహా రెండు మందపాటి చెక్కలుగా కోయండి. పుట్టగొడుగుల కాడలు తీసి విడిగా పెట్టుకోండి, తలలు రెండేసి ముక్కలు. పాల పుట్టగొడుగులు దొరికితే కత్తి అక్కర్లేదు, చేత్తో నిలువుగా చీల్చండి.

ఇప్పుడు అసలు పని: తడి తుడవడం. కడిగిన ముక్కలను పాత నూలు పంచె మీద పరిచి, పైన మరో గుడ్డతో అద్దండి. ఇది విసుగు పని, నేనూ చాలాసార్లు ఎగ్గొట్టాను. ఎగ్గొట్టిన ప్రతిసారీ ముక్కలు కాలలేదు, ఉడికాయి. ముక్క మీది నీరంతా ఆవిరయ్యేదాకా రంగు రాదని పైన చెప్పాను కదా, ఆ లెక్క ఇక్కడ తేలుతుంది.

క్యారెట్ తొక్కలు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, ఉల్లికాడల తెల్లటి మొదళ్లు పారేయవద్దు.

కాల్చడం

ముక్కలకు రెండున్నర చెంచాల పప్పునూనె, చిటికెడు ఉప్పు పట్టించండి. పుట్టగొడుగులకు మాత్రం ఇప్పుడే ఉప్పు వద్దు, నీరు వదిలేస్తాయి.

ఓవెన్ ఉన్నవాళ్లు దాన్ని 210 డిగ్రీలకు ముందే వేడెక్కించి, ట్రేలో ముక్కలను ఒకే వరుసలో పరవండి. ఒకదాన్నొకటి తాకకూడదు. కిక్కిరిస్తే ముక్కల మధ్య ఆవిరి నిలిచిపోతుంది. ఇంట్లో వాడే చిన్న ఓవెన్‌లో ఇన్ని కూరగాయలు ఒక్కసారికి పట్టవు, రెండు వాయిలుగా పెట్టండి. దుంపలు, గుమ్మడి, ఉల్లి, వెల్లుల్లి మొదటి వాయి; టమాటాలు, క్యాబేజీ, పుట్టగొడుగులు రెండోది. వాయికి 30 నుంచి 35 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. టమాటాలను మాత్రం కోసిన వైపు పైకి ఉంచి కదపకండి.

ఓవెన్ లేకపోతే బెంగ లేదు. ఇనుప అట్ల పెనం బాగా కాగాక ఒక్కో రకం కూరగాయనూ విడివిడిగా వేసి, మూడు నాలుగు నిమిషాలు అసలు ముట్టుకోకుండా వదిలేయండి. మనకు గరిటె పట్టుకుంటే తిప్పకుండా ఉండడం చేతకాదు. గుమ్మడి ముక్కను చూడండి: మొదట నూనెలో చిటపటలాడుతుంది, తర్వాత చుట్టూ సన్నటి బుడగలు పొంగుతాయి, బుడగలు తగ్గాక ముక్క అంచు ముదురు నారింజ రంగుకు తిరిగి లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు అట్లకాడ పెడితే తనంతట తానే పెనాన్ని వదిలేస్తుంది. వదలలేదంటే ఇంకా కాలలేదన్నమాట. పీకకండి. దుంపలు లోపల గట్టిగా ఉంటే కంగారు లేదు, సెగ తగ్గించి ఇంకాసేపు పెనం మీదే ఉంచండి.

మూడో దారి కుంపటి. కొబ్బరి చిప్పల బొగ్గుకు మనకు కరువు లేదు కాబట్టి దీన్ని నేను ఎక్కువ ఇష్టపడతాను. బొగ్గుల మీద బూడిద పొర కట్టి, మంట పూర్తిగా ఆగాక ఇనుప జాలీ పెట్టి ఉల్లి, టమాటా, వెల్లుల్లి, వంకాయలను కోయకుండా అలాగే పెట్టండి. పైన నల్లబడ్డ తొక్క తీసేస్తే లోపల పొగ వాసనతో మెత్తటి గుజ్జు మిగులుతుంది. ఒక్క జాగ్రత్త: కుంపటి పెరట్లోనే. తలుపులు మూసిన వంటింట్లో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.

ఎంత కాలితే చాలు? ముక్క అంచులు చింతగింజ రంగుకు రావాలి, అక్కడక్కడా చిన్న నల్ల మచ్చలు ఉన్నా ఫరవాలేదు. ముక్కంతా నల్లగా అయితే అది కాలడం కాదు, మాడడం. మాడిన ఒక్క వెల్లుల్లి రేక చాలు, కుండెడు సూప్‌ను చేదు చేస్తుంది. దాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

కట్టు, సూప్ నీళ్లు

కూరగాయలు కాలుతుండగానే కందిపప్పును రెండు గ్లాసుల నీళ్లతో కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, మెదపకుండా పైన తేరిన కట్టును మాత్రం వంచుకోండి. అడుగున మిగిలిన పప్పు మర్నాటి ఆకుకూరలోకి పనికొస్తుంది. ఎముకల సూప్‌లో ఉండే చిక్కదనాన్ని శాకాహారంలో తెచ్చేది నా లెక్కన ఈ కట్టే. మొక్కజొన్న పిండి కలిపి జిగురుగా చేసే పద్ధతి నాకు నచ్చదు. ఆ సూప్ పెదాలకు అంటుకుంటుంది కానీ నాలుకకు ఏమీ చెప్పదు.

నేను కట్టు వంచుతుంటే అత్తయ్యగారు చూశారు.

"కట్టు పోశాక అది చారు కాక మరేమిటి?"

"పోపు పెట్టను కదండీ అత్తయ్యగారూ."

"పోపు లేని చారా!" అని నవ్వి వెళ్లిపోయారు.

కాలిన కూరగాయల్లో సగం, అందంగా ఉన్న సగం, పైన వేసుకోవడానికి పక్కన పెట్టండి. ఉల్లిపాయలు, టమాటాలు అన్నీ, మిగిలిన సగం గుమ్మడి, క్యారెట్, పుట్టగొడుగులు పెద్ద గిన్నెలోకి వెళ్తాయి. క్యాబేజీ మాత్రం వెళ్లకూడదు. ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన వస్తుంది. దాన్ని పైన వేసుకునే వాటిలోనే ఉంచండి. చిలగడదుంప కూడా అంతే, ఉడికిస్తే చిదికి నీళ్లు మడ్డి అవుతాయి.

ఇప్పుడు ట్రేనో పెనాన్నో సింకులో పడేయకండి. వేడిగా ఉండగానే దానిలో గ్లాసుడు మరిగే నీళ్లు పోయండి. చుయ్యిమంటుంది. అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరను చెక్క గరిటెతో గీకండి. గీకుతున్న కొద్దీ నీళ్లు పలచటి కషాయం రంగుకు, తర్వాత టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. పాలగిన్నె అడుగున అంటిన గోకుడు కోసం చిన్నప్పుడు పోట్లాడుకున్నవాళ్లకు ఈ పొర విలువ చెప్పక్కర్లేదు. కూరగాయల రుచిలో మంచి వాటా ఆ పొరలోనే ఉంటుంది. ఆ నీళ్లన్నీ గిన్నెలోకి వంచేయండి.

దానికి లీటరుంపావు నీళ్లు, కట్టు, చితక్కొట్టిన అల్లం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, పక్కన పెట్టిన తొక్కలూ కాడలూ కలిపి పొయ్యి మీద పెట్టండి. ఒక పొంగు రాగానే సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి అరగంట ఉంచండి. కుతకుత ఉడకనివ్వకండి, అడపాదడపా ఒక బుడగ పైకి తేలితే చాలు. పైన నురుగు వస్తే గరిటెతో తీసేయండి.

తర్వాత జల్లెడలో వడకట్టి, గరిటె వెనకవైపుతో గట్టిగా నొక్కండి. టమాటా, ఉల్లి గుజ్జు కొంత కిందికి దిగితే మంచిదే. కాల్చిన వెల్లుల్లి రేకలను తొక్క నొక్కితే వెన్నలా జారి వస్తాయి. వాటిని చెంచాతో మెదిపి సూప్‌లో కలపండి. పచ్చి వెల్లుల్లి ఘాటు దీనిలో ఉండదు, తియ్యగా ఉంటుంది. సోయా సాస్ పోసి, ఆ తర్వాతే ఉప్పు రుచి చూడండి. సాస్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది. చారు తాగేటప్పటి కన్నా ఒక్క పలుకు ఎక్కువే ఉండనివ్వండి, నూడుల్స్ చప్పగా ఉంటాయి కనుక.

కొబ్బరిపాలు పోయమని అడిగేవాళ్లు మా ఇంటి చుట్టూ చాలామంది. అంబాజీపేట పక్కన కూర్చుని కొబ్బరి వద్దనడం పాపమే. అయినా ఈ సూప్‌లో వద్దు. కొబ్బరిపాలు పోస్తే కాల్చిన వాసన కప్పబడిపోయి కొబ్బరి మాత్రమే మిగులుతుంది. అంత ముచ్చటగా ఉంటే కూరగాయలు కాల్చే శ్రమ మానేసి ఆ రోజు కొబ్బరిపాల సూపే చేసుకోండి.

నూడుల్స్ విడిగానే

నా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. నూడుల్స్‌ను సూప్‌లో ఉడికించకండి. మరో గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు తెర్లనిచ్చి, కాస్త ఉప్పు వేసి, గోధుమ నూడుల్స్ వేయండి. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే ఒకటి తీసి కొరికి చూడండి. మధ్యలో సన్నటి తెల్ల చుక్కలా గట్టిదనం ఉండగానే వార్చేయండి. మిగిలిన పని వేడి సూప్ చేస్తుంది. వార్చగానే చన్నీళ్లు పోస్తే పైనున్న పిండి కడుక్కుపోయి ఒకదానికొకటి అంటుకోవు. మిగిలిన అర చెంచా పప్పునూనె పట్టించి ఉంచండి.

బియ్యపు నూడుల్స్ అయితే సన్నవాటిని ఉడికించనక్కర్లేదు. పొయ్యి దింపిన మరిగే నీళ్లలో నాలుగైదు నిమిషాలు నానితే చాలు. బియ్యప్పిండిని కాగితంలా పలచగా రేకు తీసే ఆత్రేయపురం చుట్టుపక్కల వాళ్లకు బియ్యపు నూడుల్స్ వింత వస్తువేమీ కాదు. ఓపిక ఉంటే, మరిగే నీళ్లతో కలిపిన బియ్యప్పిండిని సన్నరంధ్రాల బిళ్ల పెట్టిన జంతికల గొట్టంతో ఇడ్లీ రేకుల మీద ఒత్తి, పది నిమిషాలు ఆవిరి పట్టించినా సరిపోతుంది. అవి కాస్త పెళుసు. గిన్నెలో పెట్టాక పక్కనుంచి నెమ్మదిగా సూప్ పోయాలి.

గిన్నెలోకి

అందరూ కూర్చున్నాకే ఈ పని మొదలుపెట్టండి. లోతు గిన్నెలు తీసుకుని వేణ్నీళ్లతో తొలపండి. చల్లటి స్టీలు గిన్నె సూప్ వేడిని లాగేస్తుంది. నూడుల్స్ అడుగున, వాటి మీద పొగలు కక్కే సూప్, పైన కాల్చిన ముక్కలు. క్యాబేజీ చెక్కను పొరలు విడదీసి పెట్టండి, నల్లబడ్డ అంచులు పైకి కనబడేలా. ఉల్లికాడలు, కొత్తిమీర, నువ్వులు చల్లి నిమ్మకాయ పిండండి. నిమ్మరసం పొయ్యి మీద కలపవద్దు, గిన్నెలోనే.

కారం కావాలన్నవాళ్లకు చిన్న గిన్నెలో ఒక చెంచా కారం, చిటికెడు ఉప్పు, తరిగిన రెండు వెల్లుల్లి రేకలు వేసి, దాని మీద రెండు చెంచాల బాగా కాగిన నూనె పోసి పక్కన పెట్టండి. ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకుంటారు.

తినడానికి ఫోర్కు, చెంచా రెండూ ఇవ్వండి. జుర్రితే శబ్దం వస్తుందని పిల్లలను కసరకండి. వేడి నూడుల్స్‌ను గాలితో కలిపి జుర్రితేనే నోరు కాలదు. చారన్నం చివర చేతిలో పోసుకుని జుర్రే వాళ్ల ఇంట్లో ఈ ఆంక్ష ఏమిటసలు.

కార్తీకంలో

ఉల్లి, వెల్లుల్లి తినని రోజుల్లో, తినని ఇళ్లలో కూడా ఇది బాగానే కుదురుతుంది. వాటి తీపి పోతుంది కనుక గుమ్మడి, క్యారెట్ రెట్టింపు చేయండి, టమాటాలు ఇంకో రెండు వేయండి. కందిపప్పు బదులు పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి కట్టు తీయండి. అల్లం, మిరియాలు కొంచెం పెంచండి. సోమవారాలు మా ఇంట్లో ఇలాగే చేస్తాను.

మిగిలితే

నూడుల్స్, సూప్, ముక్కలు మూడూ వేరువేరు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపి పెడితే తెల్లారేసరికి సూప్ ఉండదు. సూప్ నీళ్లు రెండు రోజులు నిలవుంటాయి, డీప్ ఫ్రిజ్‌లో అయితే నెల. నేను ఒక్కోసారి సూప్ నీళ్లను రెండింతలు కాచి సగం అలా దాచుకుంటాను. ముసురు పట్టి కరెంటు పోయిన సాయంత్రం నూడుల్స్ ఉడకబెట్టడం ఒక్కటే పని.

కిందటిసారి రెండు గ్లాసులు మిగిలితే మర్నాడు పొద్దున వెతికాను, ఫ్రిజ్‌లో లేదు. వంటింట్లో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వాసన. అత్తయ్యగారు దాన్ని వేడి చేసి, కాస్త చింతపండు పిసికి, పోపు పెట్టేశారు. కంచంలో వేడన్నం, పక్కన వడియాలు.

"కూర్చో అమ్మాయ్" అన్నారు. "ఇప్పుడు అయింది."